చెప్పులేసుకునే లోపల

ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఒక మనిషి బయల్దేరడమంటే ఒక పూట పని. ముందు "పోయొస్తా" అనాలి. "పోతా" అని మాత్రం అనకూడదు, అంటే ఇంట్లో ఉన్న పెద్దవాళ్లంతా ఒక్కసారి నోటి మీద వేలు పెట్టుకుంటారు. పోయొస్తా అన్నాక వెంటనే లేవకూడదు, లేస్తే ఇంట్లోవాళ్ల మీద ఏదో కోపం వచ్చిందనుకుంటారు. కాసేపాగి లేస్తే, "ఏంది అంత తొందర, కూర్చో" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు మళ్లీ కూర్చోవాలి. ఈలోపు కాఫీ వస్తుంది. కాఫీ తాగి రెండోసారి లేచి, గుమ్మం దగ్గర కొంతసేపు, చెప్పులు వేసుకుని మెట్టు మీద కొంతసేపు, చివరికి గేటు గడియ మీద చెయ్యి పెట్టి, పెట్టిన చెయ్యి తియ్యకుండా మరో అరగంట. మేం పుదుచ్చేరి తెలుగువాళ్లం. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చామో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. (తెలుగు అక్షరాలు నేను పెళ్లయ్యాక నేర్చుకున్నాను. అప్పటిదాకా మా తెలుగు నోటికే తప్ప చేతికి తెలియదు.) మా ఈ రెండు భాషల్లోనూ, వెళ్లే మనిషి తిరిగి వస్తానని ఒప్పుకుంటే తప్ప అతన్ని కదలనివ్వరు.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. బీచికి రెండు వీధుల ఇవతల ఒక గెస్ట్‌హౌస్‌లో రిసెప్షన్ బల్ల వెనక నిలబడే ఉద్యోగం. అక్కడే నా బుద్ధి చెడింది. ఒక విదేశీ దంపతులు పది రోజులు ఉన్నారు. రోజూ పొద్దున నన్ను పేరు పెట్టి పలకరించేవారు, మా అమ్మ ఆరోగ్యం అడిగేవారు, ఇడ్లీ పిండి ఎలా పులుస్తుందో అడిగి తెలుసుకున్నారు. వెళ్లే రోజున పెట్టెలతో కిందికి దిగి, "వెల్, వుయ్ ఆర్ ఆఫ్" అన్నారు. నేను మా ఇంటి అలవాటు ప్రకారం గేటుదాకా వెళ్లి, గేటు మీద చెయ్యి పెట్టి, ముఖంలోకి కొంచెం దిగులు తెచ్చుకుని సిద్ధంగా నిలబడ్డాను. తల తిప్పి చూసేసరికి ఆటో వీధి మలుపు తిరుగుతోంది. పది రోజుల స్నేహం నాలుగు మాటల్లో అయిపోయింది. నాకు బాధ వెయ్యాలి కదా. వెయ్యలేదు. ఎంత బాగుందో అనిపించింది. నా ఆదివారాలన్నీ చుట్టాల గేట్ల దగ్గర ఎలా కరిగిపోతున్నాయో ఆ క్షణంలో నాకు తెలిసొచ్చింది.

ఆ నెలలోనే బస్టాండు దగ్గర ఒక మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. మా మాస్టారు బక్కపలచటి పెద్దమనిషి. మేమంతా ఆయన్ని వెనకాల ఫ్రేజు మాస్టారు అనేవాళ్లం, ఎందుకంటే ఆయన వ్యాకరణం జోలికి పోయేవారు కాదు, ఇంగ్లీషువాళ్లు నిజంగా మాట్లాడుకునే మాటలే చెప్పేవారు. వెళ్లడం అనే ఒక్క పనికి వారం రోజులు కేటాయించారు. "మనకు ఇంట్లోంచి బయటికి ఒకే తలుపు. ఇంగ్లీషువాడికి గోడంతా తలుపులే," అన్నారు. ఆఫీసరు దగ్గరైతే ఐ షుడ్ బి గోయింగ్. తెలిసినవాళ్ల ఇంట్లోనైతే లెట్ మి మేక్ ఎ మూవ్. స్నేహితుల దగ్గర అయామ్ ఆఫ్. తొందరగా ఉంటే గాట్టా రన్. దూరం వెళ్లాలంటే హిట్ ద రోడ్. విసుగు పుడితే అయామ్ ఔటా హియర్. ఎదుటివాణ్ణి పంపెయ్యాలంటే బజ్ ఆఫ్ దగ్గర మొదలుపెట్టి, ఇంకా గట్టివి కొన్ని ఉన్నాయని, అవి ఆడపిల్లలు కూర్చున్న క్లాసులో చెప్పనని అన్నారు. (క్లాసు అయ్యాక మగపిల్లలం మెట్ల దగ్గర పట్టుకుని అవి కూడా చెప్పించుకున్నాం.) ఇంత చెప్పిన మాస్టారు, క్లాసు ముగించేటప్పుడు మాత్రం "నౌ ఐ షల్ టేక్ యువర్ లీవ్" అని, మెట్లదాకా వచ్చి, మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి, మా అందరి ఇళ్ల సంగతులూ అడిగేవారు. ఆ కాలు రెండో మెట్టుకు దిగేసరికి మా ఆఖరి బస్సులు వెళ్లిపోయేవి. నేను అప్పుడు దాన్నిబట్టి ఏదైనా నేర్చుకుని ఉండాల్సింది.

నాలో ఒక లోపం ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఏది కొత్తగా నేర్చుకున్నా ముందు ఇంట్లోవాళ్ల మీద ప్రయోగిస్తాను. మరుసటి రోజు పొద్దున కదిర్కామంలోని మా ఇంట్లో, అమ్మ దోసె తిప్పుతుండగా, "అయామ్ ఆఫ్" అని బయటపడ్డాను. అమ్మ అట్లకాడతోనే వీధిలోకి వచ్చింది.

"ఏందిరా అది? పోయొస్తా అనకుండా పోతా ఉండావు?"

"అదే మా, ఇంగ్లీషులో చెప్పినా."

"దాంట్లో వస్తాననేది ఉండాదా?"

"లేదు. ఇంగ్లీషులో ఉండదు."

"ఆ భాషోళ్లు ఎవురూ తిరిగి ఇంటికి రారా?" అని అమ్మ అడిగింది. దానికి ఫ్రేజు మాస్టారు జవాబు చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఇక విల్లియనూరు మామ సంగతికి వస్తాను. ఆయన అమ్మకు దూరపు వరసలో తమ్ముడు. ఆయనకు ఒక్కతే కూతురు, మా కదిర్కామంలోనే నర్సింగు చదువుతుండేది. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. ఆ సంగతి నాకు తెలుసు, అమ్మకు తెలుసు, ఆ అమ్మాయికి తెలుసు, బహుశా నేను ఎక్కే బస్సు కండక్టరుకూ తెలుసు. కానీ మా వైపు ఒక పద్ధతి ఉంది. పెళ్లి మాట అమ్మాయి తండ్రే తియ్యాలి. మగపిల్లవాడి తరఫువాళ్లు ముందు అడిగితే చులకనైపోతారని మా అమ్మకు గట్టి నమ్మకం. అందుకని ప్రతి ఆదివారం ఏదో ఒక వంకతో, ఒకసారి మురుకులు, ఒకసారి మునక్కాయలు టిఫిన్ క్యారియర్లో పెట్టి, నన్ను కొత్తగా కొన్న స్కూటీ మీద విల్లియనూరు పంపేది. "నువ్వేం మాట్లాడబాక. కూర్చో. తిను. వాడే చెప్తాడు," అనేది.

మామ మంచి మనిషి, కానీ ఆయనకూ ఒక అలవాటు. ఇంట్లో కూర్చున్నంతసేపు వాన గురించి, కరెంటు కోత గురించి, టీవీలో వచ్చే వంటల గురించి తప్ప మాట్లాడేవాడు కాదు. అసలు మాటలన్నీ గేటు దగ్గరే. తన చెల్లెలి పెళ్లి గేటు దగ్గర ఖాయం చేశాడు. పొలం పక్కవాడితో పదేళ్ల గట్టు తగాదా గేటు దగ్గర తేల్చుకున్నాడు. లోపల అవ్వ, అంటే ఆయన అమ్మ, చెవులు రిక్కించి కూర్చుని ఉంటుంది. ఏం మాట్లాడినా సాయంత్రానికి వీధి చివరిదాకా చేరిపోతుంది. అదీ ఆయన భయం. అయితే ఆయన చెప్పులు పెరటి గుమ్మం దగ్గర ఉండేవి. ముందు గుమ్మంలో చెప్పులు కనబడితే అవ్వ ఒప్పుకునేది కాదు. చెప్పులు లేకుండా మట్టిలో అడుగు పెట్టొద్దని షుగరు డాక్టరు చెప్పాడు. కాబట్టి చుట్టం లేచి నిలబడగానే మామ మెల్లగా కుర్చీలోంచి లేచి, ఇల్లంతా దాటి, పెరట్లో చెప్పులు వేసుకుని, పక్క సందులోంచి చుట్టూ తిరిగి గేటు దగ్గరికి రావాలి. మామూలు చుట్టమైతే ఈలోపు ఇంకా గుమ్మం దగ్గరే ఉంటాడు. లోకం అలా అమర్చి పెట్టినట్టుండేది.

నేను మామూలు చుట్టాన్ని కాను కదా. మొదటి ఆదివారం తిని చెయ్యి కడుక్కుని, "మామా, లెట్ మి మేక్ ఎ మూవ్" అన్నాను. మామ సందు మలుపు తిరిగేసరికి గేటు దగ్గర పొగ మాత్రం ఉంది. రెండో ఆదివారం "గాట్టా రన్". ఆ తరవాతి ఆదివారం, అవ్వ ఇంకా పెరుగు వడ్డిస్తుండగానే, గడియారం వైపు చూసి "అయామ్ ఆఫ్". ప్రతిసారీ ఇంటికి వచ్చాక అమ్మ గుమ్మంలోనే నిలబడి అడిగేది.

"ఏమన్నాడు?"

"కరెంటు పోతా ఉండాదంట."

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమీ అనలేదు మా."

అమ్మ ముఖం వారం వారం చిన్నబోతూ వచ్చింది. నాకు మామ మీద కోపం వచ్చేది. మాట తియ్యడానికి ఇంత ఆలోచనేంటి, నాలో ఏం తక్కువ, అదీ ఇంత ఇంగ్లీషు వచ్చినవాడిలో, అనుకునేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే మా బస్సు స్టాపులో మామ కూతురు పుస్తకాల సంచితో నిలబడి ఉంది. బండి ఆపాను.

"బావా, నీకొకటి చెప్పల్ల. వచ్చే బుధవారం అరియాంకుప్పం నుంచి ఎవురో నన్ను చూసేదానికి వస్తా ఉండారు," అంది, బస్సు వచ్చే వైపే చూస్తూ. "కరెంటాఫీసు ఉద్యోగమంట. పోయిన వారం అబ్బాయొక్కడే వచ్చి మా నాయనతో మాట్లాడి పోయినాడు. ఒకటే పొగుడుతా ఉండాడు మా నాయన. ఎంత నెమ్మదస్తుడో, గేటు దగ్గర గంటసేపు నిలబడినాడు అని."

నాకు బండి స్టాండు వెయ్యడం కూడా చేతకాలేదు. "మీ నాయన నన్ను ఒక్క మాటైనా అడిగినాడా?" అన్నాను.

"ఎట్ల అడుగుతాడు? ఆయన చెప్పులేసుకునే లోపల నువ్వు యాడుంటావు?" అంది. "ఒకసారి కాదు. ప్రతిసారీ గేటు దాకా వచ్చి, రోడ్డు చూసి, తిరిగొచ్చి కూర్చుంటాడు. ఈ పిల్లోడికి మనింట్లో నిలబడే మనసు లేదమ్మా, మనం బలవంతం చెయ్యగూడదు అని అవ్వతో అన్నాడు."

నేనేదో చెప్పబోయాను. బస్సు వచ్చేసింది. ఎక్కుతూ ఎక్కుతూ, "ఆ కరెంటాఫీసు ఆయనకు ఓపిక జాస్తి బావా. నాకే లేదు," అంది. (ఆ మాటకు అర్థం నాకు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాక గానీ తట్టలేదు. తట్టాక అన్నం తినబుద్ధి కాలేదు.)

బుధవారానికి ముందు మిగిలింది ఒక్క ఆదివారం. ఆ రోజు అమ్మ క్యారియర్లో పెట్టింది పాలకోవా. నేను ఇంగ్లీషంతా గెస్ట్‌హౌస్‌లోనే వదిలిపెట్టి, వట్టి చేతులతో వెళ్లినవాడిలా వెళ్లాను. తిన్నాను. కరెంటు కోత గురించి విన్నాను. సాయంత్రం ఎండ వాలాక, వీలైనంత నెమ్మదిగా లేచి, మా తాతలు లేచినట్టు లేచి, "మామా, పోయొస్తా" అన్నాను.

మామ టీవీ మీంచి చూపు తిప్పి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏంరా, ఒళ్లు బాగలేదా?"

"బాగుండాను మామా."

"ఈపొద్దు అయామాఫ్ అనలేదే?"

"సుమ్మానే అనలేదు," అన్నాను, ఊరికే అని అర్థం వచ్చేలా చేతులు ఊపుతూ. ఇక ఇప్పుడు ఎవరైనా "కూర్చో, ఏంది తొందర" అనాలి. అవ్వ అనబోయింది కూడా. మామ అడ్డుపడ్డాడు. "వాణ్ణి పట్టుకోబాకమ్మా. టౌనులో వాడికి పని జాస్తి. మనలాగ కాదు. సరి, నువ్వు కదులు నాయనా." అని మళ్లీ టీవీ వైపు తిరిగాడు. కుర్చీలోంచి లేవలేదు. నన్ను ఇన్నాళ్లకు అర్థం చేసుకుని, నాకు నచ్చేలా మర్యాద చేశాడు పాపం.

గేటు బయట ఒంటరిగా నిలబడి ఆలోచించాను. టిఫిన్ క్యారియర్ మర్చిపోయినట్టు లోపలికి వెళితే? వెళ్లాను. అవ్వ అప్పటికే అందులో అరిసెలు సర్దుతోంది, ఎవరి గిన్నె అయినా ఉత్తది తిరిగి ఇవ్వకూడదు కదా. "బయటికి పోయినోడు తిరిగొస్తే కూర్చోని నీళ్లు తాగి పోవల్ల," అని కుర్చీ చూపించింది. మామ కూతురు చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాను. మామ వంటల కార్యక్రమం చూస్తూనే ఉన్నాడు. పోయొస్తానన్నాను. "ఊ, ఊ, లేటు చేసుకోబాక," అన్నాడు.

గేటు దాకా వెళ్లి, నల్ల కళ్లద్దాలు లోపలే వదిలేశానని గుర్తు తెచ్చుకున్నాను. మళ్లీ కుర్చీ, మళ్లీ చెంబు. ఈసారి చెంబు ఇంకా పెద్దది. "పూర్తిగా తాగు బావా, సగం తాగితే దోషం," అంది ఆ అమ్మాయి, ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా. తరవాత చేతిరుమాలు. ఆ చెంబు తాగేసరికి కడుపులో నీళ్లు కదిలే చప్పుడు నాకే వినబడుతోంది. అవ్వ నన్ను పరీక్షగా చూసి, "ఈ బిడ్డకి మతిమరుపు రోగం పట్టింది. వీళ్ల తాతకి అరవై దాటినాక వచ్చె. వీడికి శానా ముందే వచ్చేసె," అని కొడుకుతో చెప్పింది. ఎటూ తాగింది తాగాను కాబట్టి పెరట్లోకి కూడా వెళ్లి రావాల్సి వచ్చింది. వెళ్లే దారిలో గుమ్మం పక్కన మామ చెప్పులు, బొటనవేలి చోట అరిగిపోయి, ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వాటిని చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్ని ఆదివారాలు నా కోసం గేటు దాకా నడిచిన చెప్పులు అవి.

ఇక మర్చిపోవడానికి నా దగ్గర వస్తువులు లేవు. ఓడిపోయినవాడిలా అందరికీ చెప్పి బయటికి వచ్చి బండి మీద కూర్చున్నాను. చేత్తో తడిమితే తాళం లేదు. బండికే వదిలిపెట్టిన గుర్తు. జేబుల్లో లేదు, క్యారియర్లో లేదు. ఈసారి నేను నటించడం లేదు, కానీ నన్ను ఎవరు నమ్ముతారు? లోపలికి వెళ్లి, "మామా, బండి తాళం కనబడటంలే," అన్నాను. కూర్చోమని కుర్చీ చూపిస్తూ అవ్వ, "ముందు నీళ్లు," అంది. నేను చేతులు జోడించాను.

తాళమంటే మామ లేచాడు. వస్తువు పోయిందంటే ఆయన కూర్చోలేడు. ఇల్లంతా దాటి, పెరటి గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు వేసుకుని, సందులోంచి వస్తున్న ఆ టపటప చప్పుడు నేను గేటు దగ్గర నిలబడి మొదటిసారి విన్నాను. అంతకు ముందు ఎప్పుడూ వినేంత సేపు నేను అక్కడ లేను.

ఇద్దరం వంగి మట్టిలో వెతికాం. మల్లె తొట్టిలో, దాని కింద, కాలవ పక్కన, బండి చక్రాల వెనక. కొంతసేపటికి మామ నడుం పట్టుకుని లేచి, గేటు గడియ మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి పడగానే నేనూ వెతకడం ఆపి లేచి నిలబడ్డాను.

"తాళం లేకపోతే ఇంగ్లీషు కూడా కదలదు గదరా," అన్నాడు.

"కదలదు మామా."

"వస్తానే ఉండావు, పోతానే ఉండావు. మద్దిలో ఒక మాట అడగదామంటే నిలబడవు." వీధి వైపు చూశాడు. ఎవరూ లేరు. "బుధవారం అరియాంకుప్పం వాళ్లు వస్తారు. వాళ్లను రమ్మనేదా వద్దా? అమ్మి విషయం మీ అమ్మ ఏమంటాది?"

"మీరు అడిగితే చాలంటాది మామా. ఎప్పటినుంచో గుమ్మంలోనే నిలబడుకోని ఉండాది."

"అది సరి. నువ్వేమంటావు?"

వెళ్లడానికి అన్ని మాటలు నేర్చుకున్నాను కదా. నిలబడడానికి ఒక్కటి కూడా నేర్చుకోలేదని అప్పుడు తెలిసింది. నోరు ఎండిపోయింది, అన్ని చెంబుల నీళ్లు తాగి కూడా. చివరికి, "నేను యాడికీ పోను మామా," అన్నాను.

మామ గేటు గడియ తీశాడు, వేశాడు. "అయితే వాళ్లకు ఫోను చెయ్యల్ల," అని గొణుక్కున్నాడు. అప్పుడే గుమ్మంలోంచి మామ కూతురు, "నాయనా, తాళం దొరికింది. మల్లె తొట్టిలో ఉండె," అంది. ఆ తొట్టిని మేమిద్దరం రెండుసార్లు వెతికాం. ఆ సాయంత్రం నేను ఆ గేటు దగ్గర నుంచి కదిలేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలో లేదు, వీధి మలుపులో ఉంది.

ఇదంతా జరిగి పాతికేళ్లు కావస్తోంది. మామ ఇప్పుడు మాతోనే ఉంటాడు, చెప్పులు మాత్రం ఇంకా పెరటి గుమ్మం దగ్గరే. నావి నేను గేటు దగ్గరే పెట్టుకుంటున్నాను, వర్షంలో తడిసినా సరే. ఎవరైనా మా ఇంటి నుంచి వెళుతుంటే వాళ్ల కన్నా ముందు నేను గేటు దగ్గర ఉంటాను. చుట్టాలు నన్ను వదిలించుకోవడానికి సాకులు వెతుక్కుంటారని మా ఇంటావిడ అంటుంది. నిజమే అయ్యుంటుంది. ఫ్రేజు మాస్టారు ఆ మొదటి మెట్టు మీద కాలు ఎందుకు తియ్యలేకపోయేవారో ఇప్పుడు నాకు తెలుసు.

పోయిన ఆదివారం మా అమ్మాయితో పాటు చదివే ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. దోసెలు తిన్నాడు, కరెంటు గురించి నేను చెప్పింది విన్నాడు. అడగవలసిన మాటలు నా మనసులో రెండు మూడు ఉన్నాయి, కానీ అవి లోపల అడిగేవి కావు. సరేనని గేటు దగ్గరికి బయల్దేరాను. ఇంకా రెండో చెప్పులో బొటనవేలు దూర్చనైనా లేదు, "ఓకే అంకుల్, బై" అని వినబడింది. తలెత్తి చూస్తే వీధిలో పొగ. ఒక చెప్పుతో అలాగే నిలబడి, ఆ పొగ వైపు చూస్తూ, ఎందుకో నవ్వుకున్నాను. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న మా ఇంటావిడ అంది:

"వచ్చే ఆదివారం ఆ పిల్లోడి బండి తాళం నువ్వు దాస్తావా, నన్నే దాయమంటావా బావా?"